పాయింటు తిరిగిందా?



కోనసీమకు రెండు వైపులా రైలుంది. మధ్యలో లేదు. కాకినాడ నుంచి వచ్చే పట్టాలు గోదావరి పాయ గౌతమి ఒడ్డున కోటిపల్లిలో ఆగిపోతాయి. భీమవరం వైపు నుంచి వచ్చే పట్టాలు ఇంకో పాయ వశిష్ఠ ఒడ్డున నరసాపురంలో ఆగిపోతాయి. కోటిపల్లి లైను 1928లో వేశారు. రెండో ప్రపంచ యుద్ధం అవసరాలకని 1940లో ఊడదీశారు. 2004లో మళ్ళీ వేశారు. అక్కణ్ణుంచి అమలాపురం మీదుగా నరసాపురం దాకా సుమారు 57 కిలోమీటర్ల లైను, అమలాపురం ఎంపీ, అప్పటి లోక్‌సభ స్పీకరు జి.ఎం.సి. బాలయోగి గారి పట్టుదలతో 2000–01లో మంజూరైంది. 2002 మార్చి 3న ఆయన హెలికాప్టర్ ప్రమాదంలో కన్నుమూశారు. గౌతమిలో వంతెన స్తంభాలు లేచాయి. అమలాపురానికి రైలు కూత మాత్రం ఇంకా వినపడలేదు.

మా మేనల్లుడు ఆ రైలును బల్లమీద నడుపుతున్నాడు. రాజోలు దగ్గర వాళ్ళ ఇల్లు. మేడమీద గదిలో ప్లైవుడ్డు బల్ల, దానిమీద హెచ్.ఓ. కొలత పట్టాలు. అంటే అసలు రైలులో 87వ వంతు. పట్టాల మధ్య ఎడం పదహారున్నర మిల్లీమీటర్లు. స్టేషనులో ఒక మెయిన్ లైను, దాన్నుంచి చీలి మళ్ళీ కలిసే ఒక లూపు లైను, రెండు పాయింట్లు. బండి నడపడం సులువే. ఇబ్బంది పెట్టేదల్లా ఆ పాయింట్లే. ఈ పని చేసే పిల్లలకూ పెద్దలకూ, ఐటీఐలో కరెంటు పని నేర్చుకునే కుర్రాళ్ళకూ పనికొస్తుందని ఇవాళ ఆ పాయింట్ల వైరింగు గురించే మాట్లాడుతున్నాను.

పాయింటు చేసే పని మన ఊళ్ళో అందరికీ తెలిసిందే. కాలువ రెండుగా చీలేచోట ఒక తలుపు దించి ఇంకో తలుపు ఎత్తితే నీరు మనం అనుకున్న వైపు పోతుంది. పాయింటు రైలును అలా మళ్ళిస్తుంది. కదలకుండా ఉండేది స్టాక్ పట్టా. దానికి ఆనుకుంటూ విడిపోతూ కదిలే సన్నటి కొసలున్నది టంగ్ పట్టా. టంగ్ పట్టాలు రెంటినీ కలిపే అడ్డపుల్లను మోటారు అటూ ఇటూ లాగుతుంది. ఇంతవరకూ యంత్రం పని. చిక్కు కరెంటుతో మొదలవుతుంది, ఎందుకంటే నమూనా రైలులో పట్టాలే వైర్లు. ఒక పట్టా ప్లస్, ఇంకో పట్టా మైనస్. మధ్యలో 12 వోల్టుల డీసీ. ఇంజను చక్రాలు ఆ రెండు పట్టాల నుంచీ కరెంటు తీసుకుంటాయి.

రేడియోలో బొమ్మ గీసి చూపించలేను కదా. మీ కుడిచెయ్యి అరచెయ్యి కిందకు పెట్టి ముందుకు చాపండి. చూపుడు వేలు, మధ్యవేలు విడదీయండి. మెయిన్ లైను తిన్నగా పోతోంది, లూపు కుడివైపుకు మళ్ళుతోంది అనుకోండి. చూపుడు వేలు మెయిన్ లైను తాలూకు కుడి పట్టా. మధ్యవేలు లూపు తాలూకు ఎడమ పట్టా. ఒకటి మైనస్, ఒకటి ప్లస్. ఆ రెండు వేళ్ళూ మొదట్లో ఎక్కడ కలుస్తున్నాయో చూడండి. ప్లస్సూ మైనస్సూ ఒకే లోహపు ముక్కలో కలిసే చోటు, అంటే షార్టు అయ్యే చోటు అది. రైల్వేవాళ్ళు దాన్ని క్రాసింగు అంటారు, నమూనా రైళ్ళవాళ్ళు ఫ్రాగ్ అంటారు. పాయింటు వైరింగులో వచ్చే తగాదాల్లో సగానికి పుట్టిల్లు అదే.

దీనికి రెండు మందులున్నాయి. ఫ్రాగును ప్లాస్టిక్‌తో చేసేయడం ఒకటి. అప్పుడు షార్టుకు తావు లేదు కానీ, పొట్టి ఇంజను ఆ ప్లాస్టిక్ మీదకు రాగానే కరెంటు అందక ఆగిపోతుంది. రెండోది ఫ్రాగును లోహంతోనే ఉంచి, దానికి విడిగా ఒక వైరు వేసి, పాయింటు తిరిగినప్పుడల్లా ఆ వైరును ప్లస్ నుంచి మైనస్‌కూ, మైనస్ నుంచి ప్లస్‌కూ మార్చడం. ఈ మార్పు చేసే చిన్న స్విచ్చి చాలా మోటార్లలో లోపలే ఉంటుంది. నా ఓటు రెండోదానికే. అందులో పని ఎక్కువ, బండి నడక మాత్రం సాఫీగా ఉంటుంది. అయితే ఇందాక మనం చాపిన రెండు వేళ్ళ చివర్లలోనూ పట్టాను తెంపి ప్లాస్టిక్ జాయింటు పెట్టాలి. కరెంటు టంగ్ కొసల వైపు నుంచి పాయింటులోకి రావాలి. ఈ రెండూ పాటించకపోతే పాయింటు లూపుకు తిప్పిన మరుక్షణం బల్లంతా ఆగిపోతుంది, బండి వేగం మార్చే కంట్రోలరు మీద ఎర్రదీపం వెలుగుతుంది. పాయింటు ఒకవైపు ఉన్నప్పుడు అంతా బాగుండి, రెండోవైపు తిప్పగానే షార్టు వస్తే ఇంకెక్కడా వెతకక్కర్లేదు, ఆ ప్లాస్టిక్ జాయింట్లు చూడండి.

కొన్ని పాయింట్లలో టంగ్ పట్టాకు వేరే వైరుండదు. స్టాక్ పట్టాకు ఆనుకున్నప్పుడు ఆ ఆనికలోంచే కరెంటు రావాలి. కొత్తలో బాగానే వస్తుంది. నాలుగు వారాలు పోయాక దుమ్ము, నూనె, కంకర అతికించిన జిగురు, పట్టాలకు తుప్పు రంగు వేసినప్పుడు పడిన చుక్క, వీటిలో ఏదో ఒకటి చాలు, ఆ దారి మూసుకుపోతుంది. ఆనిక మీద ఆధారపడొద్దు. ఫ్రాగును టంగ్ పట్టాల నుంచి విడదీసి, స్టాక్ పట్టా నుంచి టంగ్ పట్టాకు సన్నటి వైరు టంకం వేసి కలిపేయండి. రెండంగుళాల తీగతో పోయే బాధ అది.

ఇక మోటారు. ఎక్కువమంది దగ్గర ఉండేది రెండు కాయిళ్ళ రకం. మూడు కొసలుంటాయి: మధ్యది కామన్, అటుదొకటి ఇటుదొకటి. 16 వోల్టుల ఏసీ ఇస్తే టక్కున కొట్టి పాయింటును తిప్పేస్తుంది. ఆ ఒక్క దెబ్బకు మూడు నాలుగు ఆంపియర్లు లాగుతుంది. అందుకే దానికి నొక్కి వదిలేసే రకం బటన్ ఉండాలి. మామూలు స్విచ్చి పెట్టి మరిచిపోయారా, కాసేపట్లో కాయిలు కాలి వాసన వస్తుంది. కెపాసిటర్ డిశ్చార్జ్ యూనిట్ అని ఒక చిన్న పెట్టె వస్తుంది. వేల మైక్రోఫారడ్ల కెపాసిటరులో కరెంటు నింపి ఉంచుకుని, బటన్ నొక్కగానే ఒక్క ఊపులో వదులుతుంది. దెబ్బ గట్టిగా పడుతుంది. బటన్ ఇరుక్కుపోయినా కాయిలు కాలదు, ఎందుకంటే బటన్ వదిలేదాకా అది మళ్ళీ నిండదు. కాయిలు మోటార్లు వాడేవాళ్ళు ముందు దీన్ని కొనండి, ఇంజను తరువాత కొనుక్కోవచ్చు.

మోటారు గుయ్ మంటుంది, పాయింటు తిరగదు. అందరూ మోటారు పోయిందనుకుంటారు. ముందు కరెంటు ఆపి వేలితో అడ్డపుల్లను జరిపి చూడండి. వేలికే బిగుతుగా తగిలితే మధ్యలో కంకర పలుకు ఇరుక్కుంది, దానికి వైరింగులో మందు లేదు. తేలిగ్గా జరిగితే అప్పుడు తీగల వైపు చూడాలి. తీగ సన్నమైతే ఏమవుతుందో లెక్క వేద్దాం. అర మిల్లీమీటరు మందం ఉన్న టెలిఫోను తీగ వాడారనుకుందాం. స్విచ్చిలుండే ప్యానెలు నుంచి పాయింటుకు మూడు మీటర్లు, రావడానికీ పోవడానికీ కలిపి ఆరు. ఆ తీగకు అర ఓము నిరోధం ఉంటుంది. నాలుగు ఆంపియర్లు లాగే కాయిలు ఆ తీగలోనే దాదాపు 2 వోల్టులు పోగొట్టుకుంటుంది. కాయిలు బలం కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి దెబ్బలో ఇంచుమించు ఐదో వంతు తగ్గిపోతుంది. అదే ఇంటి లైట్లకు వాడే ఒక చదరపు మిల్లీమీటరు తీగ వేస్తే పోయేది అర వోల్టు లోపే. దగ్గర పాయింటు బాగా కొడుతూ దూరపు పాయింటు నీరసంగా కొడుతుంటే కారణం తీగలోనే ఉంటుంది.

మీటరు ఇక్కడ పొరపాటు దారి పట్టిస్తుంది. మల్టీమీటరు తనకోసం దాదాపు ఏమీ లాగదు కాబట్టి, చిలుము పట్టిన అతుకు అవతల కూడా 16 వోల్టులు నిండుగా చూపిస్తుంది. బరువు పడితే గానీ ఆ అతుకు సంగతి బయటపడదు. కనుక మోటారు సైకిలు బ్రేకు లైటు బల్బు, 12 వోల్టులు, 21 వాట్లది, రెండు తీగలు టంకం వేసి పెట్టుకోండి. మోటారు కొసల దగ్గర దాన్ని క్షణం సేపు తగిలించండి. వెలుగు తెల్లగా వస్తే దారి బాగుంది. ఎర్రగా మినుకుమంటే దారిలో ఎక్కడో అతుకు పోయింది.

అతుకులు పోవడం మన ప్రాంతంలో మరీ ఎక్కువ. చుట్టూ కాలువలు, గోదావరి పాయలు. అంతర్వేది, ఓడలరేవు వైపు దానికి తోడు ఉప్పుగాలి. రాగి కొసను మెలితిప్పి టేపు చుట్టి వదిలేస్తే ఒక్క వానాకాలం చాలు, విప్పితే లోపల పచ్చగా చిలుము కనిపిస్తుంది. అందుకని ప్రతి అతుకుకూ టంకం, దాని మీద స్లీవు. యాసిడ్ ఉన్న పేస్టు వాడకండి, రోజిన్ ఉన్న లెడ్డు తీగే వాడండి. యాసిడ్ మిగిలితే అదే తీగను తినేస్తుంది. పట్టాలను గరుకు కాగితంతో రుద్దితే గీతలు పడి, ఆ గీతల్లోనే మురికి చేరుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాలు తడిపిన గుడ్డ చాలు.

లోపం ఎక్కడుందో తేలనప్పుడు దారిని సగానికి కోయండి. బాగా పనిచేసే పాయింటు తాలూకు తీగలు తెచ్చి, పనిచెయ్యని మోటారుకు తగిలించండి. ఇప్పుడు కొట్టిందా, మోటారు మంచిదే, లోపం ప్యానెలు వైపుంది. కొట్టలేదా, మోటారుదే తప్పు. ఒక్క మార్పుతో సగం బల్ల లెక్కలోంచి పోయింది. మిగిలిన సగాన్ని మళ్ళీ సగం చేయండి. కంగారులో నాలుగు తీగలు ఒకేసారి మారిస్తే, బాగుపడినా దేనివల్ల బాగుపడిందో తెలియదు, మర్నాడు మళ్ళీ అదే తిప్పలు.

ఇదంతా మా మేనల్లుడికి వచ్చు. అయినా ఒకరోజు రాత్రి ఫోను చేశాడు.

"మావయ్యా, ప్యానెలు మీద దీపం లూపే అంటోంది. బండేమో మెయిన్‌లోకే వెళ్ళి పాయింటు మధ్యలో ఆగిపోతోంది. కంట్రోలరు షార్టు చూపిస్తోంది. సాయంత్రం నుంచీ వెతుకుతున్నాను, దొరకట్లేదు."

"తీగలు వదిలెయ్‌రా. బల్లమీదకు వంగి చూడు. టంగ్ పట్టా ఎటుంది?"

"తిన్నగానే ఉంది మావయ్యా."

"కింద మోటారో?"

"అది లూపుకే తిరిగింది."

వాడు ఆ పాయింటుకు నెమ్మదిగా తిరిగే రకం మోటారు పెట్టాడు. మోటారునూ అడ్డపుల్లనూ కలిపే ఉక్కు తీగ ఊడిపోయింది. మోటారు తిరిగింది, దాని లోపలి స్విచ్చి ఫ్రాగును లూపుకు తగ్గట్టు మార్చేసింది, పట్టాలు మాత్రం కదల్లేదు. బండి మెయిన్ దారిలో వచ్చి, లూపు కరెంటున్న ఫ్రాగును తాకింది. షార్టు అక్కడ. మరి దీపం? దీపాన్ని వాడు ప్యానెలు స్విచ్చికే కలిపాడు. స్విచ్చి ఎటు వేస్తే అటే వెలుగుతుంది. పాయింటుకు మనం ఏం చెప్పామో అది చూపిస్తుంది, పాయింటు ఏం చేసిందో దానికి తెలియదు. మన బల్లల మీద దీపాలు ఎక్కువగా ఇలాగే ఉంటాయి. నేను ఇవాళ మైకు ముందుకు వచ్చింది ఈ ఒక్క సంగతి కోసమే.

అసలు రైల్వేలో చెప్పిందాన్నీ జరిగిందాన్నీ ఎప్పుడో విడదీశారు. మన రైల్వేలో పాయింటు మిషను 110 వోల్టుల డీసీ మీద నడుస్తుంది, మూడు నుంచి ఐదు సెకన్లలో తిప్పేస్తుంది. తిప్పమని చెప్పే సర్క్యూటు ఒకటి. తిరిగి, పట్టా ఆనుకుని, తాళం పడిందని తిరిగి కబురు తెచ్చే సర్క్యూటు వేరొకటి. దాన్ని డిటెక్షన్ అంటారు. ఈ రెండో కబురు రాకపోతే సిగ్నలు పచ్చ అవ్వదు. ఆ కబురు నిజమేనా అని పరీక్షించడానికి టంగ్ పట్టాకూ స్టాక్ పట్టాకూ మధ్య 5 మిల్లీమీటర్ల ఇనుప బిళ్ళ పెట్టి మిషను తిప్పుతారు. తాళం పడకూడదు, డిటెక్షన్ రాకూడదు, మోటారు కాలిపోకుండా లోపలి క్లచ్చి జారాలి. అంత చిన్న సందు ఉన్నా పాయింటు సరిగ్గా లేదనే చెప్పాలి. సికింద్రాబాదులో 1957లో పెట్టిన ఇరిసెట్ అనే సంస్థలో రైల్వే సిగ్నలు ఇంజనీర్లు నేర్చుకునేవి ఈ సంగతులే.

ఆ కబురే తప్పుగా వస్తే ఏమవుతుందో మనం చూశాం. 2023 జూన్ 2 సాయంత్రం ఒడిశాలోని బహనగా బజార్ స్టేషనులో, షాలిమార్ నుంచి మన రాజమండ్రి, విజయవాడల మీదుగా చెన్నై వెళ్ళే కోరమండల్ ఎక్స్‌ప్రెస్‌కు మెయిన్ లైనుకు పచ్చ సిగ్నలు వచ్చింది. పాయింటు మాత్రం లూపుకు ఉంది. బండి పూర్తి వేగంతో లూపులోకి వెళ్ళి, నిలిచి ఉన్న గూడ్సును ఢీకొట్టింది. 290 మందికి పైగా చనిపోయారు. రైల్వే భద్రతా కమిషనర్ విచారణలో తేలింది ఏమిటంటే, స్టేషను ఉత్తరం కొసన సిగ్నలు సర్క్యూటులో అంతకుముందెప్పుడో చేసిన మార్పులోనూ, ఆ రోజు 94వ నంబరు లెవెల్ క్రాసింగు గేటు పరికరం మార్చిన పనిలోనూ వైరింగు తప్పులున్నాయి. ఆ గేటు తాలూకు పరికరాల పెట్టెలో తీగలకు రాసిన పేర్లు తప్పు. ఆ తప్పు ఏళ్ళ తరబడి ఎవరి కంటా పడలేదు. అంతకు ఏడాది ముందు, 2022 మే 16న, అదే ఖరగ్‌పూర్ డివిజన్‌లో బాంక్రా నయాబాజ్ దగ్గర తప్పు వైరింగువల్ల ఇలాంటి సంఘటనే జరిగిందని కూడా ఆ నివేదికలో ఉంది. ఆ హెచ్చరికను పట్టించుకుని ఉంటే అన్ని ప్రాణాలు పోయేవి కావు. తీగకు చీటీ కట్టడాన్ని చిన్న పనిగా చూసే ఎవరితోనైనా నేను ఈ మాటే చెబుతాను.

మన బల్లమీద ఎవరి ప్రాణమూ పోదు. కానీ ఇవాళ బల్లకింద పడుకుని తీగలు కలిపే పిల్లవాడు రేపు ఎక్కడ పని చేస్తాడో మనకు తెలియదు. అమెరికాలో ఎం.ఐ.టి. విద్యార్థులు 1946లో నమూనా రైళ్ళ క్లబ్బు పెట్టుకున్నారు. టెలిఫోను ఎక్స్చేంజి రిలేలు తెచ్చి బల్లకింద పాయింట్లకూ సిగ్నళ్ళకూ వైరింగు చేసిన ఆ కుర్రాళ్ళలో కొందరు తరువాత తొలితరం కంప్యూటర్ ప్రోగ్రామర్లయ్యారు. చేతికి అబ్బిన పద్ధతి మనిషితో పాటే వెళుతుంది.

అందుకని మేనల్లుడితో ప్యానెలు దీపాల కనెక్షను మార్పించాను. వాటి తీగలు స్విచ్చి నుంచి విప్పి, పాయింటు దగ్గర అడ్డపుల్ల చివర, మోటారుకు ఎదురు కొసన, ఒక్కో దిక్కుకు ఒకటి చొప్పున రెండు మైక్రోస్విచ్చిలు పెట్టించి వాటికి కలిపించాను. ఆ కొసకు పెట్టడం ముఖ్యం. మోటారు వైపు పెడితే మోటారు కదలిక తెలుస్తుంది, పట్టాలది కాదు. అడ్డపుల్ల ఒక దిక్కు చివరిదాకా వచ్చి ఆ దిక్కు స్విచ్చిని నొక్కితేనే ఆ దీపం వెలుగుతుంది. మధ్యలో ఆగితే రెండు దీపాలూ ఆరి ఉంటాయి. తీగ తెగినా, అతుకు ఊడినా దీపం వెలగదు. చెడితే చీకటే మిగలాలి. తప్పుడు వెలుగు రాకూడదు. రైల్వేవాళ్ళు సిగ్నళ్ళు కట్టే పద్ధతి కూడా ఇదే. వాళ్ళ ట్రాకు సర్క్యూటులో పట్టా విరిగినా తీగ తెగినా రిలే పడిపోయి సిగ్నలు ఎరుపవుతుంది. 1872లో అమెరికాలో విలియం రాబిన్సన్ పేటెంటు తీసుకున్నప్పటి నుంచీ దాని పునాది మారలేదు.

మీ దీపాన్ని కూడా పరీక్ష పెట్టండి. వాళ్ళ 5 మిల్లీమీటర్లను 87తో భాగిస్తే 0.06 మిల్లీమీటర్లు కూడా రాదు, అంత పలుచని బిళ్ళ మనకు దొరకడం కష్టం. విజిటింగు కార్డు ముక్క ఒకటి టంగ్ పట్టాకూ స్టాక్ పట్టాకూ మధ్య పెట్టి పాయింటు తిప్పండి. దీపం వెలిగిందంటే ఆ దిక్కు మైక్రోస్విచ్చిని ఒక వెంట్రుకవాసి వెనక్కి జరపాలి. కార్డు తీసేశాక వెలగాలి, కార్డు ఉన్నంతసేపూ వెలగకూడదు. రెండు వైపులా చూడండి.

ఇంటి కరెంటు 230 వోల్టుల సంగతి మాత్రం గట్టిగా చెబుతున్నాను. బల్ల కిందకు వచ్చేది 16 వోల్టులు మించకూడదు. ట్రాన్స్‌ఫార్మరు మూతపెట్టిన డబ్బాలో, ఫ్యూజుతో, గోడ పక్కనే ఉండాలి. తడి చేతులతో, వాన కురిసి గోడలు చెమ్మగిల్లిన రోజున దాని జోలికి పిల్లలు పోకూడదు. ఆ వైపు పని పెద్దవాళ్ళో, లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియనో చేయాలి.

కొత్తగా మొదలుపెట్టేవారు ఒకే ఒక్క పాయింటు కొనండి. అరమీటరు చెక్క మీద బిగించండి. తీగ తీగకూ చీటీ కట్టి, ఏ చీటీ ఎక్కడికి పోతుందో నోటుబుక్కులో గీసి, తారీఖు వేయండి. ఏ తీగ మార్చినా ఆ పేజీ ముందు మార్చండి. ఇంజను లేకుండా, చేతిలో బల్బుతో, పాయింటును ఒకవైపు పెట్టి ప్రతి పట్టా ముక్కలోనూ కరెంటు చూసుకుని, రెండోవైపు తిప్పి మళ్ళీ చూసుకోండి. కార్డు ముక్క పరీక్ష నెగ్గాక ఇంజను ఎక్కించండి. రెండో పాయింటు ఆ తరువాతే కొనండి.